సలహాల పెట్టెలో చేపలు

సోమవారం

పళ్ళ డాక్టరుగారికి,

నమస్కారాలు. నేను మీ క్లినిక్ హాల్లో గోడవారగా మూడో కుర్చీలో కూర్చునే మనిషిని. మీ పనితనం గురించి ఏమీ చెప్పలేను. ఇంతవరకు లోపలి గదిలో అడుగు పెట్టలేదు. హాలు గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. 'మీ సలహాలు ఇక్కడ వేయండి' అని గోడకి పెట్టె తగిలించారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను.

మీ హాల్లో పిల్లలకి ఊపిరి ఆడటం లేదు. నాలుగు రోజులుగా చూస్తున్నాను. పొద్దున తలుపు తీసే వేళకి అందరూ పైకి చేరి నోళ్ళు తెరుస్తున్నారు. మధ్యాహ్నానికి కాస్త సర్దుకుంటారు. దానికి తోడు వచ్చిన ప్రతివాళ్ళూ వాళ్ళకి తిండి పెట్టడమే. నిన్న ఒక్క పూటలో ఐదుసార్లు పెట్టారు. అంత తిని ఎక్కడికి వెళ్తారు పాపం? తిన్నచోటే అన్నీ కానిస్తున్నారు.

వెంటనే ఏదో ఒకటి చేయకపోతే ప్రాణాలమీదికి వస్తుంది.

ఇట్లు,
మూడో కుర్చీ

తా.క.: జవాబు రాస్తే ఆ కుర్చీ వెనక కిటికీ గట్టుమీద పెట్టించండి. నన్ను పిలిచి మాట్లాడించొద్దు. నలుగురిలో నోరు విప్పడం నాకు ఇష్టం ఉండదు.

*

బుధవారం

మూడో కుర్చీవారికి,

క్లినిక్ తరఫున నమస్కారాలు. ఆ పెట్టె తగిలించి ఆరేళ్ళయింది. ఇంతవరకు అందులో పడినవి రెండు బస్సు టికెట్లు, నమిలేసిన చూయింగ్ గమ్ ఒకటి. మొదటి సలహా మీదే. అందుకని సంతోషంగా రాస్తున్నాను.

పిల్లలు నోళ్ళు తెరుస్తున్నారన్నారు. పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళు నోరు తెరవకపోతేనే మాకు ఇబ్బంది. కొంతమంది హాల్లోనే అలవాటు చేసుకుంటారు. అయినా గాలి ఆడటం లేదన్నారు కాబట్టి పాత ఫ్యాను తీయించి కొత్తది వేయించాం. ఉత్తరంవైపు కిటికీ ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉంటే వడ్రంగిని పిలిచి తెరిపించాం. హాల్లో పిల్లలకి తిండి పెట్టొద్దని తల్లులకి చెప్పాం. ఒకావిడ 'మా వాడి బిస్కెట్టు మీకేం అడ్డం?' అని దెబ్బలాడి వెళ్ళిపోయింది. తిన్నచోటే కానిస్తున్న పిల్లలెవరో దొరకలేదు గానీ, బాత్‌రూమ్ ఎటో గోడమీద పెద్ద బాణం గీయించాం.

ఇట్లు,
దంతవైద్యులు

తా.క.: మీరు చెప్పే పిల్లాడు పై అంతస్తులో ఉండేవాడైతే కంగారు పడకండి. వాడికి ఊపిరి ఆడుతోంది. వాడి ముక్కు ఎప్పుడూ అంతే.

*

గురువారం

డాక్టరుగారికి,

మీ కొత్త ఫ్యాను గాలికి కాగితం ఎగిరిపోకుండా మోచెయ్యి ఆనించి రాస్తున్నాను.

పిల్లలంటే చేపలండీ! ఎదురుగోడ దగ్గర బల్లమీద ఉన్న గాజు తొట్టిలో చేపలు. తప్పు నాదే. మా ఇంట్లో నలభై ఏళ్ళు చేపల తొట్టి ఉండేది. మా ఆవిడ వాటిని పిల్లలనే పిలిచేది. ఆవిడ పోయాక నేను అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. తొట్టికి అక్కడ చోటు లేకపోయింది. పిలుపు మాత్రం నాకు అంటుకుపోయింది.

మీ తొట్టి మంచిది. నిండా మొక్కలు. గప్పీలు ఆరు, ఒంటిమీద నీలం దీపం వెలిగించినట్టుండే టెట్రాలు ఎనిమిది, అడుగున గులకరాళ్ళ మధ్య మీసాలతో వెతుక్కుంటూ తిరిగేవి నాలుగు. ఒకదాని జోలికి ఒకటి పోదు. ఇంత నెమ్మదైన ఉమ్మడి కాపురం నేను మనుషుల్లో చూడలేదు.

చీకట్లో మొక్కలు కూడా నీళ్ళలో గాలి పీల్చేస్తాయి. అందుకే పొద్దుటికి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఫిల్టర్ మూతిని నీటి అంచుదాకా ఎత్తండి, నీళ్ళు కదిలి గాలి కలుస్తుంది. తిండి రోజుకి ఒక్క చిటికెడు. వారానికోసారి నీళ్ళు మార్చాలి, ఫిల్టర్ లోపలి స్పాంజి కడగాలి. ఊరికి నీళ్ళు పంపే చోట ముప్పై రెండేళ్ళు పనిచేశాను. నీటి సంగతిలో నా మాట నమ్మొచ్చు.

నమస్కారాలతో,
మూడో కుర్చీ

తా.క.: కౌంటర్లో కళ్ళజోడుకి తాడు కట్టుకుని కూర్చునే ఆవిడ నన్ను దొంగని చూసినట్టు చూస్తోంది. ఈ ఉత్తరాల సంగతి ఆవిడకి తెలియనివ్వకండి.

*

ఆదివారం

మూడో కుర్చీవారికి,

చేపలని ముందే రాయొచ్చు కదండీ! ఆ బిస్కెట్టు తల్లికి నేనిప్పుడు ఏం చెప్పుకోను?

పోనివ్వండి. శుభ్రం అంటే మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నిన్న మధ్యాహ్నం క్లినిక్ మూశాక తొట్టిలో నీళ్ళన్నీ తోడేశాం. చేపల్ని బకెట్లో ఉంచి, గులకరాళ్ళు వేడినీళ్ళతో తోమాం. స్పాంజికి మామూలుగా కడిగితే చాలదనిపించి, పళ్ళ పనిముట్లు ఉడికించే యంత్రంలో పెట్టి తీశాం. ఇప్పుడు అందులో ఒక్క క్రిమి లేదు. దాంతో ఆపరేషన్ కూడా చేయొచ్చు. కుళాయి తిప్పి తాజా నీళ్ళు నింపాం. తొట్టి అద్దంలా మెరుస్తోంది.

మీకొక మాట చెప్పాలి. తొట్టి పాచిపట్టిపోయిందని, నెలాఖరుకి దాన్ని తీసేయాలని క్లినిక్కులో ఒక నిర్ణయం అయి ఉంది. ఇప్పుడిక ఎవరూ ఆ మాట ఎత్తలేరు. అంతా మీ చలవే.

కృతజ్ఞతలతో,
దంతవైద్యులు

తా.క.: కౌంటర్లో ఆవిడది దొంగచూపు కాదు, దూరపు చూపు ఆనదు. చాలా కష్టపడే మనిషి. ఆవిడ లేకపోతే ఈ క్లినిక్ ఒక్కరోజు నడవదు. డాక్టరుగా ఈ మాట నేను చెబుతున్నాను.

*

సోమవారం, చాలా తొందర

డాక్టరుగారూ!

కుశలప్రశ్నలు తర్వాత. ఎంత పని చేశారండీ!

ఆ స్పాంజిలో ఉన్నది మురికి కాదు, పనివాళ్ళు. చేపల మలమూ మిగిలిన తిండీ కుళ్ళి నీళ్ళలో విషం పుడుతుంది. ఆ విషాన్ని తినే క్రిములు స్పాంజిలో కాపురం ఉంటాయి. లక్షల కాపురాలు మీరు ఉడకబెట్టేశారు. నేను 'కడగాలి' అని రాసి ఊరుకోవడం నా బుద్ధితక్కువ. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఒక్కసారి పిండి పెట్టమని రాయాల్సింది. పైగా తాజా కుళాయి నీళ్ళు! ఆ నీళ్ళలో మందు కలిపిన చెయ్యి నాదే. ముప్పై రెండేళ్ళు క్రిముల్ని చంపిన ఉద్యోగం చేసి, ఇప్పుడు క్రిముల్ని బతికించండి మహాప్రభో అని రాయాల్సి వచ్చింది.

ఇవాళ్టి నుంచి రోజూ నాలుగో వంతు నీళ్ళు మాత్రమే మార్చండి. ముందురోజే బకెట్లో పట్టి ఉంచిన నీళ్ళు పోయండి. రెండురోజులు తిండి పెట్టొద్దు. చేపల కొట్టుకి వెళ్ళి, ఏడాదిగా నడుస్తున్న తొట్టిలోంచి ఒక పాత స్పాంజి అడిగి తెచ్చాను. అడగడమంటే, కాగితం మీద రాసి చూపించాను. కొట్టతను నేను మూగవాణ్ణనుకుని వెంటనే తీసి ఇచ్చాడు. ఆరిపోకుండా కవర్లో కట్టి కిటికీ గట్టుమీద పెట్టాను. దాన్ని ఫిల్టర్లో పెట్టండి.

ఇట్లు,
మూడో కుర్చీ

తా.క.: దాన్ని కడగొద్దు. ఉడికించొద్దు. వాసన కూడా చూడొద్దు.

*

గురువారం

మూడో కుర్చీవారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మేం చదివేలోపే, ఊడ్చే ఆవిడ మీ కవరు చూసి ముక్కు మూసుకుని చెత్తబుట్టలో వేసింది. కౌంటర్లో ఆవిడ చేతులకి తొడుగులు వేసుకుని బుట్టంతా హాల్లో గుమ్మరించి వెతికింది. అప్పుడే పన్ను పీకించుకుని బయటికి వచ్చిన ఒకాయన, తన పన్ను కోసమే వెతుకుతున్నారనుకుని 'ఫర్వాలేదమ్మా, నాకక్కర్లేదు' అని బతిమాలాడు. చివరికి స్పాంజి దొరికింది. ఫిల్టర్లో పెట్టాం. వాసన చూడలేదు. అదే వచ్చింది.

కానీ ఆరు టెట్రాలు పోయాయి. రెండే మిగిలాయి. గప్పీలూ మీసాలవీ నిలబడ్డాయి. పొద్దున్నే వలతో ఒక్కొక్కదాన్నే తీశాను. అంత చిన్న ప్రాణానికి బరువే లేదు. శుభ్రం చేశానని మురిసిపోతూ చంపాను. తొట్టి తీసేయడమే వాటికి మేలేమో అనిపిస్తోంది.

ఇట్లు,
దంతవైద్యులు

తా.క.: నిన్నా ఇవాళా మీరు రాలేదు. ఒంట్లో బాగానే ఉందా?

*

శనివారం

డాక్టరుగారికి,

జలుబు చేసింది, తగ్గింది. అడిగినందుకు చాలా సంతోషం. ఈ మధ్య నన్ను ఆ మాట అడిగింది మీరొక్కరే.

పెళ్ళయిన కొత్తలో మా మొదటి తొట్టిని నేనే పాడుచేశాను. నీటి శాఖలో పనిచేసేవాణ్ణని గొప్పకి పోయి, కుళాయి నీళ్ళు నేరుగా పట్టి పోశాను. సాయంత్రానికి ఒక్కటి మిగల్లేదు. మా ఆవిడ రెండురోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు తనే వెళ్ళి రెండు చేపలు తెచ్చి బల్లమీద పెట్టి, 'ఈసారి నాకు చెప్పకుండా ఏమీ చేయకండి' అంది. తొట్టి పెట్టినవాళ్ళలో చేపల్ని చంపనివాళ్ళు లేరండీ. పైకి చెప్పుకోరు, అంతే. తీసేయాలన్న ఆలోచన మానుకోండి.

మిగిలిన రెండు టెట్రాలు మొక్కల వెనక నక్కి ఉంటున్నాయి. అవి గుంపులో ఉంటేనే ధైర్యంగా తిరిగే జాతి. రోజూ నీళ్ళు మారుస్తూ మూడు వారాలు ఆగండి. నీళ్ళు కుదుటపడ్డాక కనీసం ఆరు తెచ్చి కలపండి.

మీ మేలుకోరే,
మూడో కుర్చీ

తా.క.: ఇవాళ కౌంటర్లో ఆవిడ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. పావుగంట తొట్టి చూసి వెళ్ళింది. మీరన్నట్టు మంచి మనిషిలాగే ఉంది. బాగా అలిసిపోయినట్టుంది కూడా. ఒక వారం సెలవివ్వండి ఆవిడకి.

*

మంగళవారం, మూడు వారాల తర్వాత

మూడో కుర్చీవారికి,

నమస్కారాలు, శుభవార్త. నీళ్ళు కుదుటపడ్డాయి. పొద్దున ఎవరూ పైకి వచ్చి నోరు తెరవడం లేదు. మీరు చెప్పినట్టే నిన్న కొట్టుకి మనిషిని పంపాం. టెట్రాలు అయిపోయాయట. ఆరు కావాలన్నామని, ఆరింటి పెట్టు ఒక్కటి ఇచ్చి పంపాడు. అరచెయ్యంత ఉంది. నల్లటి ఒంటిమీద నారింజ మచ్చలు. మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరికి వస్తుంది. ఆ రెండు టెట్రాలకి పెద్దదిక్కుగా ఉంటుందని వదిలాం. ఎంత ప్రేమో, వచ్చినప్పటి నుంచి వాటిమీద నుంచి చూపు తిప్పడం లేదు.

ఇంకొక సంగతి. నలభై రోజులుగా రోజూ వస్తున్నారు. అపాయింట్‌మెంట్ పుస్తకంలో మీరు ఎక్కడా లేరు. పన్ను నొప్పని అనరు, మందు అడగరు. మాతో మాట్లాడితే ఏమవుతుందండీ?

ఇట్లు,
దంతవైద్యులు

తా.క.: మీ సిఫారసు మీద కౌంటర్లో ఆవిడకి వచ్చే నెల వారం రోజులు సెలవు ఇస్తున్నాను. ఆవిడ చాలా సంతోషించింది.

*

బుధవారం

డాక్టరుగారికి,

ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే ఆ పెద్దదిక్కుని కొట్లో తిరిగి ఇచ్చేయండి. అది ప్రేమ కాదు. అన్నం వడ్డిస్తుంటే నేనూ కంచాన్ని అలాగే చూస్తాను.

ఇచ్చేశారా? ఇప్పుడు మీరు అడిగినదానికి చెబుతాను.

మూడు నెలల కిందట మా మనవరాలి బడిలో, నీళ్ళ గురించి పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. 'స్వచ్ఛమైన' అనే మాట దగ్గర నా కట్టుడు పళ్ళ పైవరస ఊడి ముందు వరసలో పిల్లల మధ్యన పడింది. హాలంతా గోల. మనవరాలు లేచి వెళ్ళి దాన్ని రుమాల్లో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంటిదాకా నా చెయ్యి పట్టుకుని నడిచింది. ఆ రోజు నుంచి ఆ పళ్ళు పెట్టుకోలేదు, గడప దాటాక నోరు విప్పలేదు.

వదులయ్యాయని మాత్రం ఇంట్లో చెప్పాను. కొత్తవి కట్టించుకోమని అమ్మాయి మీ దగ్గరికి పంపింది. మొదటిరోజు మీ గదిలోంచి గిర్రుమని చప్పుడు వినగానే పారిపోదామని లేచాను. ఎదురుగా తొట్టి కనిపించింది. కూర్చుండిపోయాను. ఇంటికెళ్ళి 'కొలతలు తీసుకున్నారు' అన్నాను. మర్నాడు 'అచ్చు పోశారు' అన్నాను. తర్వాత 'అచ్చు ఆరుతోంది' అన్నాను. అది ఆరడానికే ముప్పై రోజులు పట్టింది. నిన్న అమ్మాయికి ఓపిక అయిపోయింది. 'ఏం నాన్నా, ఆ డాక్టరు నీ పళ్ళు విత్తనాలు వేసి మొలిపిస్తున్నాడా? శుక్రవారం నేనే వెళ్ళి కడిగేస్తా' అంది.

ఇంతకుముందు అమ్మాయి దగ్గర ఎప్పుడూ అబద్ధం ఆడినవాణ్ణి కాను. ఇప్పుడు ఏం చేయాలో తోచడం లేదు.

ఇట్లు,
మూడో కుర్చీ

తా.క.: నీళ్ళ టవరు నూట ఇరవై మెట్లు గాలివానలో ఎక్కినవాణ్ణి. మీ కుర్చీకి వెనక్కి వాల్చే మీట ఉందని తెలిశాక, ఆ గది వైపు ఒక్క అడుగు వేయలేకపోతున్నాను.

*

గురువారం

బాబాయిగారూ,

అలా పిలిస్తే ఏమీ అనుకోరు కదా? పెద్దదిక్కుని అప్పుడే పంపించేశాం. వెళ్ళేముందు ఒక గప్పీ తోక అంచు రుచి చూసింది, అంతే. సాయంత్రానికి కొట్లోకి టెట్రాలు వచ్చాయి. ఆరు తెచ్చి వదిలాం. ఎనిమిదీ కలిసి ఒక్కసారి మలుపు తిరిగితే చూడాలి మీరు!

రేపు తొమ్మిదికల్లా, మీ అమ్మాయి రాకముందే వచ్చేయండి. కొలతలు నిజంగానే తీయిద్దాం. లోపలి గది తలుపు తీసి ఉంచుతాం. కుర్చీలో వాలితే తొట్టి సూటిగా కనబడుతుంది. నేను వాలి చూశాను. మీరు ఒక్కమాట మాట్లాడక్కర్లేదు. నోరు తెరిస్తే చాలు.

ఎదురుచూస్తూ,
దంతవైద్యులు

తా.క.: తప్పకుండా రండి బాబాయిగారూ. మీరు రాకపోతే నా పని కూడా అయిపోతుంది. ఎందుకో ఇప్పుడు అడగొద్దు.

*

శుక్రవారం సాయంత్రం

మూడో కుర్చీలోని పెద్దవారికి,

నమస్కారాలు. ఈ క్లినిక్కులో పళ్ళ డాక్టర్ని నేను. మీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే.

ఇవాళ తొమ్మిదింటికి మీరు రాలేదు. తొమ్మిదిన్నరకి మీ అమ్మాయి వచ్చింది. ఒకాయన నోట్లో నా రెండు చేతులూ ఉండగా తలుపు తోసుకుని వచ్చి, 'నలభై రోజులైంది, మా నాన్న పళ్ళేవండీ?' అంది. మీ నాన్నగారెవరో నాకు తెలియదన్నాను. 'రోజూ మీ దగ్గరికేగా వస్తున్నాడు!' అంది. అలాంటి మనిషే లేడన్నాను. అప్పుడావిడ ముఖం తెల్లబోయింది. రోజూ చొక్కా మార్చుకుని బయల్దేరే తండ్రి మరి ఎక్కడికి వెళ్తున్నాడో అని హడలిపోయింది పాపం.

అంతలో మా కౌంటర్లో ఆవిడ దూదిపెట్టె అడుగు నుంచి ఒక కట్ట తీసి నా ముందు పెట్టింది. సగం మీ ఉత్తరాలు. సగం వాటి జవాబుల చిత్తుప్రతులు. 'ఇవి మీరు రాశారు సార్' అంది. దస్తూరీ ఆవిడదే.

రెండు నెలల కిందట తొట్టి తీసేయమన్నది నేనే. వెనక తలుపు నుంచి వచ్చి వెనక తలుపు నుంచి వెళ్ళే మనిషిని. హాల్లో కొత్త ఫ్యాను ఉందని కూడా ఇవాళే తెలిసింది. మీ మొదటి ఉత్తరం చదివాక తొట్టి తీయడానికి ఆవిడకి మనసొప్పలేదట. 'కౌంటర్లో మనిషి రాస్తే ఎవరు పట్టించుకుంటారు సార్, అందుకే మీ పేరు పెట్టాను' అంది. నాకు చాలా కోపం వచ్చింది. చెడామడా తిడదామనే ఆవిడ రాసిన మొదటి జవాబు పైకి చదవడం మొదలుపెట్టాను. ఫ్యాను దగ్గరికి వచ్చేసరికి నవ్వాగలేదు. కుర్చీలో ఉన్నాయన మత్తు దిగిపోతున్నా ఫర్వాలేదు, తర్వాతిది కానివ్వమని చెయ్యి ఊపాడు.

బడి సంగతి ఉన్న ఉత్తరం మీ అమ్మాయి తనే తీసుకుని చదువుకుంది. ఆ రోజు ఏం జరిగిందో మనవరాలు ఇప్పటిదాకా ఇంట్లో ఒక్కమాట చెప్పలేదట.

కౌంటర్లో ఆవిడకి వారం సెలవు ఇచ్చానట కాబట్టి ఇచ్చాను. ఆవిడ లేకపోతే ఈ క్లినిక్ ఒక్కరోజు నడవదని కూడా నేనే రాశానట. నిజమే. పదిహేనేళ్ళుగా ఆ మాట ఆవిడతో అనాల్సింది.

మీరివాళ ఎందుకు రాలేదో అడగను. రేపు పదింటికి రండి. ఆ గంటలో ఇంకెవరినీ పెట్టుకోలేదు. కుర్చీ మీట నేను తాకను, మీ చేతికే ఇస్తాను. మీకు ఎంత కావాలంటే అంతే వాల్చుకోండి. అచ్చు ముప్పై రోజులు ఆరక్కర్లేదు. ఈ ఉత్తరం తీసుకెళ్ళడానికి మీ అమ్మాయి మళ్ళీ వచ్చి కూర్చుంది. మీమీద కోపం లేదని రాయమంటోంది.

గౌరవంతో,
దంతవైద్యుడు (ఈసారి నిజంగా)

తా.క.: ఇందాక మొదటిసారి మీ కుర్చీలో కూర్చున్నాను. తొట్టిలో నాచు మధ్య, కళ్ళు తప్ప ఇంకేమీ లేనట్టున్న చుక్కలు ఏడెనిమిది కనిపించాయి. దుమ్మనుకుని అద్దం తుడవబోతే తప్పించుకుపోయాయి. ఏమిటని అడిగితే కౌంటర్లో ఆవిడకీ తెలియదు, మీ అమ్మాయికీ తెలియదు. ముగ్గురం అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నాం. ఏమిటండీ అవి? ఏం పెట్టాలి వాటికి? దీనికి మాత్రం ఉత్తరం రాయకండి. వచ్చి నోటితో చెప్పండి.